బాబాయి చేసిన తప్పులు

మా బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్ల ఇంగ్లీషులో తప్పు దొర్లిందంటే దాన్ని సరిచేసేదాకా ఆయనకి ఊపిరాడదు. బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు గానీ, జబ్బు మాత్రం రిటైరవలేదు. అందులోనూ 'రెడీ' తరవాత 'టు' రావాలి, 'బిజీ' తరవాత 'ఇంగ్' రావాలి అనే దగ్గర కన్నతల్లినైనా వదలడు.

మా నాన్న పోయిన రోజున ఆఫీసు మేనేజరు వచ్చి, బాబాయి చెయ్యి పట్టుకుని, "సారీ హియరింగ్ దిస్" అన్నాడు. అన్నయ్య కోసం వెక్కివెక్కి ఏడుస్తున్న బాబాయి కళ్లు తుడుచుకుని, "టు హియర్" అన్నాడు. పాపం ఆ మేనేజరు మళ్లీ సరిగ్గా చెప్పాకే బాబాయి ఏడుపు సాగింది. శవం ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో పిన్నికీ ఇదే గోల. "ఐయామ్ బిజీ టు కుక్" అందంటే, కూర మాడినా సరే, 'కుకింగ్' అనిపించేదాకా వంటింటి గుమ్మం వదిలేవాడు కాదు. వినీ వినీ పిన్ని కూడా ఆరితేరింది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి తప్పుల్ని ఇద్దరూ పోటీలుపడి పట్టుకునేవాళ్లు.

అలాంటి పిన్నికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం అనేది అర్థమవుతుంది గానీ నోరు పెగలదు. మాట తిరిగి వస్తుందో రాదో చెప్పలేమని, మాట్లాడించే ప్రయత్నం మాత్రం ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది. పిలిచాం, బతిమాలాం, మనవరాలి చేత ఫోన్లో మాట్లాడించాం. పిన్ని గోడ వైపు తిరిగి పడుకునేది.

బాబాయి మాత్రం మంచం పక్కన కుర్చీ వేసుకుని తప్పులు మాట్లాడటం మొదలుపెట్టాడు. సెలైన్ మార్చే నర్సుతో "యూ ఆర్ బిజీ టు వర్క్" అంటాడు. డాక్టరమ్మతో "గ్లాడ్ మీటింగ్ యూ" అంటాడు. వార్డంతా ముసిముసిగా నవ్వింది. పిన్ని మంచాన పడింది, ఈయనకి మతి పోయింది, ఇక మా ఇల్లు బాగుపడినట్టే అనుకున్నాను. ఉండబట్టలేక వరండాలోకి లాక్కెళ్లి, ఎందుకిలా పరువు తీస్తున్నావని నిలదీశాను.

"మీరు బతిమాలితే మీ పిన్ని పలకదమ్మా. తప్పు వింటే మాత్రం ఊరుకోలేదు. నేనే నేర్పాను," అన్నాడు. "నా దగ్గర ఉన్నది అదొక్కటే."

ఆ సాయంత్రం నర్సు దుప్పటి సర్దుతుంటే, బాబాయి పిన్నిని చూపించి గట్టిగా అన్నాడు. "సిస్టర్, షి ఈజ్ రెడీ గోయింగ్ హోమ్."

పిన్ని గోడ వైపు నుంచి తల ఇటు తిప్పింది. పెదవి ఓ పక్కకి వంకరపోయింది. "త... తప్పు."

నేను గబగబా మంచం దగ్గరికి వెళ్లాను. బాబాయి మాత్రం ఏమీ ఎరగనట్టు, "ఏది తప్పు?" అన్నాడు.

చాలాసేపు పట్టింది. "టు... టు గో."

జన్మలో ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకోని మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అవునా? నాకు తెలియనే తెలియదు. 'బిజీ' తరవాత ఏం రావాలో కూడా కాస్త చెప్పి పుణ్యం కట్టుకో," అన్నాడు.

పిన్ని ఆయన్ని పైనుంచి కిందిదాకా ఓ చూపు చూసింది. కూర మాడిన రోజు చూసే చూపే అది.