మా ఫ్రిజ్‌లో సువరొట్టి

మేక కడుపులో ప్లీహం అని ఒకటుంటుంది. నల్లగా, మెత్తగా, అరచెయ్యంత. మద్రాసులో మేమంతా దాన్ని అరవంలో సువరొట్టి అంటాం. గోడకేసి కొడితే అంటుకుంటుందట, అందుకని ఆ పేరు. నేనెప్పుడూ కొట్టి చూడలేదు. ఒంట్లో రక్తం తక్కువని డాక్టరు అనగానే మా కోడంబాక్కం ఆడవాళ్ళు మాత్రల కంటే ముందు దీన్ని వెతుక్కుంటారు. మేకకు ఒక్కటే ఉంటుంది కాబట్టి ముందే చెప్పిపెట్టుకోవాలి. మా వీధి చివర మటన్ కొట్టు భాయ్, అట్లా చెప్పిపెట్టుకున్న పొట్లాల మీద ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు వేస్తాడు. ఆ గుర్తు చూస్తే ఇంకెవరూ అడగరు.

ఆ గుర్తే ఒకరోజు మా మేడ మీద అద్దెకున్న అమ్మాయి చదువు మీదికి తెచ్చింది.

ఆమెది గుంటూరు వైపు. ఈడ పరిశోధన చేస్తోంది. మేడ మీద ఫ్రిజ్ లేదు, పాలూ పెరుగూ మా ఫ్రిజ్‌లోనే పెట్టుకుంటుంది. కొందరికి ప్లీహం తిక్క పట్టినట్టు, రక్తం గడ్డ కట్టించే కణాలను తనే తినేస్తుందట. మందులకు లొంగకపోతే ఆపరేషన్ చేసి తీసేస్తారు. తీసిన ప్లీహంలో రోగాలతో పోట్లాడే కణాలు కుప్పలుగా ఉంటాయి. వాటిని విడదీసి, ఏ కణంలో ఏ జన్యువు పనిలో ఉందో, ఏది ఊరికే కూర్చుందో చూడటం ఆమె పని.

నేను వక్కాకు నములుతూ వింటుంటే, అర్థం కాలేదనుకుని ఇంకోలా చెప్పింది. "ప్రతి కణంలోనూ ఒకటే పుస్తకం ఉంటుందాంటీ. కానీ ఒక్కో కణం తనకు కావలసిన పేజీలే తెరిచి చదువుతుంది. ఎవరు ఏ పేజీ తెరిచారో నేను చూస్తాను."

"చదువు రాని కణం ఉంటుందా పాపా?"

"ఎర్ర రక్తకణానికి పుస్తకమే ఉండదాంటీ. చిన్నప్పుడు ఉంటుంది, పెద్దయ్యాక బయట పారేస్తుంది."

నాది దానికి తలకిందులు. స్టూడియోలో వేషాల బట్టలు ఇస్త్రీ చేయడం మానేసి ఇంట్లో కూర్చున్నాకే పక్కింటి టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. కానీ ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు. చెబితే ఏదైనా తెచ్చి చదవమంటుందేమోనని భయం.

అసలు రోగి ప్లీహం చేతికిచ్చే ముందు, వాళ్ళ మేడమ్ ఆమెకు ఒక పరీక్ష పెట్టింది. మేక ప్లీహం తెచ్చి, తన కళ్ళముందే కణాలుగా విడదీయాలి. ఎక్కువ భాగం బతికి ఉంటే, తర్వాతి ఆపరేషన్‌లో తీసే ప్లీహం ఆమెది. చచ్చిపోతే ఆ పని ఇంకో విద్యార్థికి పోతుంది. ఈ మాటలన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు పొద్దున నాకు తెలిసింది ఒక్కటే. నాకు రక్తం తక్కువని డాక్టరు చెప్పాడు, సువరొట్టి కోసం భాయ్‌కి చెప్పిపెట్టానని మా ఆయన ముందురోజే అన్నాడు.

ఫ్రిజ్ తెరిస్తే నా స్టీలు డబ్బా. మూత మీద ఒక కాగితం, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు. తెరిస్తే ఐసు ముక్కల మధ్య ప్లాస్టిక్ కవర్లో సువరొట్టి నిగనిగలాడుతోంది. ఐసు ఎందుకా అనుకున్నాను. మా ఆయన ఏ పనైనా కొంచెం ఎక్కువే చేస్తాడు. ఆయన టీ కొట్టు దగ్గర పేపరు చదువుకుని వచ్చేలోపల కడిగి, పసుపు రాసి, ముక్కలు కోసి, చిన్న ఉల్లిపాయలు, మిరియాల పొడి వేసి వేయించేశాను.

ఆ వాసనకి మేడ మీది అమ్మాయి తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకునే దిగి వచ్చింది.

"ఏంటాంటీ ఇవాళ స్పెషల్?"

"నీకూ రక్తం ఉన్నట్టు లేదు. కూర్చో, ఇడ్లీలోకి తిను."

తిన్నది. రెండోసారి అడిగి వేయించుకుంది. వేలు నాకి, "లివర్ కంటే బాగుందాంటీ" అంది. చెయ్యి కడుక్కుని ఫ్రిజ్ తెరిచింది. ఫ్రిజ్ తలుపు పట్టుకుని అట్లానే నిలబడిపోయింది.

"ఆంటీ, తెల్లారే తెచ్చి ఈడ నేను పెట్టిన డబ్బా?"

నేను తోముకునే గిన్నెల వైపు చూశాను. ఆమె కూడా చూసింది. తర్వాత తన ప్లేటు వైపు చూసింది.

"నేను తిన్నది నా పరీక్షా?"

"భాయ్ గుర్తు వేసి ఉంటే మాదే అనుకున్నాను పాపా."

"అది ముట్టుకోవద్దని వేసిన గుర్తాంటీ. మీకు చదవడం రాదుగదా అని బొమ్మ వేశా."

"నాకు చదవడం వచ్చు."

"ఎప్పట్నుంచి?"

దానికి జవాబు చెప్పే టైము కాదది. మేడమ్ ఆమె కోసం కూర్చుని ఉంటుంది. ఆమె తలకు తువ్వాలుతోనే, నేను నూనె చేతులతోనే భాయ్ కొట్టుకు పరిగెత్తాం. కొట్టు ముందు రోజూలాగే జనం. ఎవరి సువరొట్టినైనా కాళ్ళు పట్టుకుని అడగాలని దారిలో అనుకుంటూ పోయాను.

"మీదుంది కదక్కా" అన్నాడు భాయ్ అరవంలో. "మీ ఆయన చెప్పిపెట్టాడు. ఇంకా రాలేదేందా అని చూస్తున్నా."

వేలాడుతున్న మేకలోంచి కోసి, అలవాటు ప్రకారం బకెట్టులో ముంచబోయాడు.

"కడగొద్దు" అని నా పక్కన ఆ అమ్మాయి అరిచింది. నీళ్ళు తగిలితే కణాలు ఉబ్బి పగిలిపోతాయట.

భాయ్ నా ముఖం చూశాడు. ఇన్నేళ్ళూ బాగా కడుగు, ఇంకోసారి కడుగు అని ఆయన ప్రాణం తీసింది నేనే.

"కడగొద్దు భాయ్" అన్నాను.

"పసుపు?"

"అదీ వద్దు."

"కడగకుండా, పసుపు లేకుండా తింటుందా ఈ పాప? ఏ ఊరు?"

"ఆంధ్రా."

"ఓ, అట్లనా" అన్నాడు, ఇంకేమీ అడగనక్కరలేదన్నట్టు. పొట్లం కట్టి, ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసి ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చుట్టూ ఐసు నింపుకుని, తడిజుట్టుతోనే ఆటో ఎక్కింది.

ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. మా ఆయన భాయ్ దగ్గరికి పోయి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"నా సువరొట్టి నువ్వే పట్టుకపోయినావంట?"

"అది కాలేజీకి పోయింది."

"మరి ఇల్లంతా వాసన వస్తా ఉందే?"

"అది వేరేది. అది ఆ పాప తిన్నింది."

ఆయన బాణలి తెరిచి చూసి, అడుగున మిగిలిన ఉల్లిపాయ ముక్క నోట్లో వేసుకుని పోయాడు.

సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు విని బయటికొచ్చాను. ఆమె ముఖం చూసి ఏమీ తెలియలేదు. అంతసేపూ నన్ను ఏడిపించాలనే అట్లా పెట్టుకుందట.

"చచ్చిన కణాలు నీలం రంగు పీల్చుకుంటాయాంటీ. బతికినవి పీల్చుకోవు. మేడమ్ మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. నీలంవి ఎక్కడో ఒకటీ అరా."

"అయితే ఆపరేషన్‌ది నీకేనా?"

"నాకే." అప్పుడు నవ్వింది. "కానీ మేడమ్ అడిగారు, నీ దగ్గర ఈ మిరియాల వాసన ఏంటని."

"ఏమన్నావు?"

"పొద్దునే ఒకసారి ప్రాక్టీసు చేసి వచ్చానన్నా."

ఆ వారం నుంచి ఆమె ఏది ఫ్రిజ్‌లో పెట్టినా బొమ్మ వేయడం మానేసి, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి అంటించడం మొదలుపెట్టింది. మొదటి కాగితం మీద 'ఇది కూర కాదు' అని ఉంది. లోపల ఉన్నది పెరుగు. నన్ను పరీక్షించడానికే అట్లా రాసిందని తెలుసు. మూత తీయకుండానే పైకి చదివి వినిపించాను.

తర్వాతి ఆదివారం మా ఆయన మళ్ళీ చెప్పిపెట్టి సువరొట్టి తెచ్చాడు. వేయించి, నా వంతు తినేసి, కొంచెం ఆమె కోసం డబ్బాలో తీసి పెట్టాను. పైన కాగితం అంటించాను. ఒత్తులు సరిగ్గా పడలేదు గానీ చదవడానికి వీలుగానే ఉంది:

'ఇది కూరే. పరీక్షకు పట్టుకపోవద్దు.'