ముందటి కొస బెత్తెడు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అల్లుడు తన ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టాడు. "మామా, గిది సూడుండ్రి. మీరు ఎప్పుడు జెప్పే మంచు స్కూటర్ గిదేనా?" అన్నాడు. కళ్లజోడు సవరించుకుని చూశాను. అదే. చక్రాలుండవు. ముందర రెండు జారుడు పట్టాలు, వెనక గిర్రున తిరిగే వెడల్పాటి రబ్బరు బెల్టు. దాని పక్కన నల్లటి ఇనుప స్టాండు, స్టాండులో నిలువెత్తు స్కీ పలకలు, ముందూ వెనకా బోల్టులేసి బిగించి ఉన్నాయి. ఏదో పరాయి దేశపు కంపెనీ చేసి అమ్ముతున్న స్టాండట. మెరుపుకేం తక్కువ లేదు. "ఇరుగుతది," అన్నాను. అల్లుడు నవ్వాడు. "ఏంది మామా, గంత పెద్ద కంపెనీవోళ్లకు తెల్వదా?" "కంపెనీ ఎంత పెద్దదైతేంది, ముందటి కొస బిగవట్టిండ్రు. ఇరుగుతది," అన్నాను మళ్లీ. నా మాట మీద నాకంత నమ్మకం. ఎందుకుండదు? అలాంటి స్టాండును విరిగిన మడత మంచంతో నా చేతులారా చేశాను, దాన్ని నమ్ముకుని మంచు కొండలెక్కాను, దాని పుణ్యాన దిగాను.

స్కూటర్ మీద పోయేవాడికి కాళ్లకు కట్టుకునే పలకలెందుకని పెళ్లయిన కొత్తలోనే మా ఆవిడ అడిగింది. కారులో స్టెపినీ ఎందుకు పెట్టుకుంటాం? ఆ మంచు కొండల్లో బండి ఆగిపోతే దిగి నడిచి వస్తామంటే కుదరదు. అడుగు వేస్తే నడుము దాకా దిగబడతాం. పది బారలు పోయేసరికి ఒంట్లో సత్తువ అయిపోతుంది, ఆ తర్వాత చలి తన పని తాను చూసుకుంటుంది. కాళ్లకు స్కీలుంటే మంచు మీద తేలి నడవొచ్చు. అందుకే కొండ మీది మిలిటరీ పోస్టుకు పోయే ప్రతి బండితోనూ ఎందరు మనుషులుంటే అన్ని జతల స్కీలు వెళ్లాలి. బండి చెడితే చెడనీ, స్కీలు చెడితే మాత్రం మనిషి తిరిగి రాడు. నేనేమో మిలిటరీలో బండ్ల మెకానిక్కుని. బండి బాగు చేయడం నాకు నేర్పారు గానీ, నిలువెత్తు పలకలను అంత చిన్న బండి మీద ఎట్లా మోసుకుపోవాలో ఎవరూ నేర్పలేదు. సీటు పక్కన తాడుతో కట్టుకు పొమ్మన్నారు. అట్లా కడితే ఒకటి జారేది, ఒకటి విరిగేది.

ఎవరూ నేర్పలేదన్నాను గానీ, అది అబద్ధం. మా బాపు నేర్పాడు. మాది చెన్నూరు. బాపు వెదురు నిచ్చెనలు చేసేవాడు, చేసినవి పాత మోపెడు మీద ఊరూరా తిప్పి అమ్మేవాడు. నిచ్చెన పొడుగు మోపెడుకు రెండింతలు. చూసేవాళ్లకు నిచ్చెనే మోపెడును మోసుకుపోతున్నట్టుండేది. విరిగిన మంచం కోళ్లతో రెండు కొయ్య పంగలు చేసి, బండి పక్కన ముందొకటి వెనకొకటి బిగించి, వాటిలో నిచ్చెనను పడుకోబెట్టేవాడు. వెనక కొసను లారీ ట్యూబు పట్టీలతో ప్రాణం పోయేలా బిగించేవాడు. ముందు కొసకు మాత్రం వదులుగా ఒక ఉచ్చు వేసి వదిలేసేవాడు. గోదారి ఒడ్డు గతుకుల్లో ఆ కొస కిందికీ మీదికీ ఊగుతుంటే, ఎదురొచ్చేవాళ్లు "ఓ పెద్దాయ్నా, నీ నిచ్చెన జారుతుంది!" అని కేకలేసేవారు. బాపు తల కూడా తిప్పేవాడు కాదు. నేనోసారి తెలివిగా ముందు కొసను కూడా బిగిస్తే నెత్తిన ఒక్కటిచ్చాడు. "బిగవట్టి సంపుతవారా దాన్ని? జర ఊగనియ్యి," అన్నాడు. ఆ నిచ్చెనలతోనే మా అమ్మను, మేం అవ్వ అనేవాళ్లం, నన్ను కూడా వెనక కూర్చోబెట్టుకుని వేములవాడకు పోయేవాడు. నిచ్చెనలు అమ్ముడుపోయాక కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి రాజన్న దేవుడికి కోడె మొక్కు చెల్లించుకునేవాళ్లం. కోడె పలుపు అవ్వ చేతిలో ఉండేది. దానికి ఒక కొసన ఉచ్చు, ఇంకో కొసన లావు ముడి. ముడిని ఉచ్చులో దూరిస్తే కోడె ఎంత గుంజినా ఊడదు, మనం ముడిని అడ్డం తిప్పి ఒక్క తోపు తోస్తే చాలు, వచ్చేస్తుంది. అప్పుడది నాకు పెద్ద విషయంగా తోచలేదు. మనసంతా గుడి ముందు అమ్మే పేలాల మీదే ఉండేది.

మంచులో మొదటి చలికాలం నా తెలివంతా చూపించాను. మడత మంచం గొట్టాలు వంచి పంగలు చేశాను. ఇంటినుంచి అందరూ తొక్కు పచ్చళ్లు తెచ్చుకుంటే నేను ట్యూబు పట్టీల కట్ట తెచ్చుకున్నాను. మా దిక్కు లారీ ట్యూబు పట్టీతో కట్టనిది లేదు. గడ్డిమోపు, గ్యాస్ బండ, పెళ్లి బీరువా, అన్నీ దానితోనే. నాకు తోడుండే పెద్దాయన ఆదిలాబాద్ వైపు మనిషి, నేను అన్నా అనే పిలిచేవాణ్ని. మాటకు ముందో మరాఠీ ముక్క వేయనిదే ఆయనకు తృప్తి ఉండదు. నా స్టాండు చూసి "కాయ్ రే తమ్మి, గిది బండియా, మంచమా?" అన్నాడు. కింది శిబిరంలో పట్టీలు బాగానే పట్టాయి. పైకి పోయేసరికి ఆ చలికి రబ్బరు కట్టెలా బిగుసుకుపోయి ఫట్టున తెగింది. ఒక స్కీ నా కళ్ల ముందే లోయలోకి జారుకుంటూ పోయింది. "మీ చెన్నూరు రబ్బరుకు సలి వెట్టింది తమ్మి," అన్నాడు అన్న, ఏ మాత్రం జాలి లేకుండా.

నేను ఊరుకుంటానా? ఆ మడత మంచానిదే నవారు కోసి తాళ్లు చేశాను. నవారు చలికి తెగదు. కానీ తడిసి గడ్డకడితే ముడి విప్పలేం, దొడ్డు చేతిగ్లౌజులతో అసలే విప్పలేం. అప్పుడు గుర్తొచ్చింది కోడె పలుపు. ఉచ్చు, లావు ముడి. గ్లౌజు తీయకుండా ఒక్క తోపుతో ఊడుతుంది. బండికి అటు నా జత, ఇటు అన్న జత, వెనక బిగువు, ముందు వదులు. చూసుకుని నేనే మురిసిపోయాను. అన్నకు మాత్రం ముందు కొస చేసే టకటక చప్పుడు పడలేదు. "తొవ్వ పొడుగునా గా సప్పుడుకు నెత్తి నొస్తుంది తమ్మి, జర బందు జెయ్యి," అని సతాయించేవాడు. నేను వినలేదు. ఆయనా వినలేదు. నేను చూడనప్పుడు తన వైపు జతను గట్టిగా బిగించేసుకున్నాడు.

పోస్టులో ఒక జవానుకు జ్వరమొస్తే మందులు ఇచ్చి వస్తున్నాం. మధ్యాహ్నం నుంచి మంచు పడుతోంది, దారిలో గుంట కనబడలేదు. బండి ముక్కు మీద పడింది. లేచి చూస్తే బెల్టు తెగి వేలాడుతోంది. అంత మంచులో దాన్ని అతికించే మొనగాడు పుట్టలేదు, ఆ మాట చెప్పడానికి నాకేం నామోషీ లేదు. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకుని స్కీల వైపు తిరిగాం. నా వైపు రెండూ ఉచ్చులో అటూ ఇటూ ఊగి క్షేమంగా ఉన్నాయి. అన్న వైపు ఒకటి ముందు పంగ దగ్గర పటుక్కున విరిగి ఉంది. అన్న మొఖంలో నెత్తురు లేదు. "తమ్మీ, నువ్వు పో. పోయి ఎవలనన్న తోలియ్యి," అన్నాడు. చీకటి పడితే ఆయన మిగలడని ఇద్దరికీ తెలుసు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "పరేషాన్ చెయ్యకన్నా, కూసో!" అని గదిమాను. దారి గుర్తుకు పాతిన వెదురు కర్ర ఒకటి మంచులోంచి తొంగి చూస్తోంది. పీకాను. వెదురు నా చేతికొచ్చాక నాకేం ఫికర్? నిలువునా చీల్చి, విరిగిన నిచ్చెనకు బాపు కట్టు కట్టినట్టే స్కీకి రెండు వైపులా బద్దలు పెట్టి నవారుతో చుట్టాను. నా జత ఆయనకిచ్చి, కట్టు కట్టినది నేను వేసుకున్నాను. కుంటుకుంటూ, తిట్టుకుంటూ, పడుతూ లేస్తూ దిగాం. శిబిరంలో వేడి చాయ్ గొంతు దిగాక అన్న అడిగాడు, "మీ బాపు ఏం జేస్తడు తమ్మి?" "నిచ్చెనలు జేస్తడన్నా." "గట్లయితే మనల కిందికి దించింది ఆయననే," అన్నాడు. ఆ తర్వాత టకటక చప్పుడు గురించి ఎన్నడూ మాట్లాడలేదు.

సెలవు మీద ఇంటికొచ్చి ఇదంతా బాపుకు చెప్పాను. వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తూ విన్నాడు. మంచు ఎట్లుంటదని అడగలేదు, భయమైందా అనీ అడగలేదు. "ముందటి కొస ఎంత ఇడిసినవ్?" అన్నాడు. బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానెడు చూపించాను. తల అడ్డంగా ఊపి, నాలుగు వేళ్లు కలిపి చూపించాడు. "గంత వద్దు. బెత్తెడు సాలు." అంతే, మళ్లీ పనిలో పడ్డాడు. అవ్వ మాత్రం ఆ సాయంత్రం గుట్టుగా చెప్పింది, ఆయన బజారుకు పోయి కనబడ్డ వాళ్లందరికీ "మా పోరడు మంచుల నిచ్చెన గట్టిండు" అని చెప్పుకుని వచ్చాడని. నిచ్చెన కాదు బాపూ అని నేను సరిదిద్దలేదు.

బాపు పోయినప్పుడు పాడెకు వెదుళ్లు మా వాకిట్లోవే. బాపు చీల్చకుండా పక్కకు పెట్టుకున్నవే. కట్టేవాళ్లు రెండు కొసలూ గట్టిగా బిగిస్తుంటే నా చేయి ఆగలేదు. ముందు కొస దగ్గరికి పోయి ముడి విప్పి బెత్తెడు వదులు చేశాను. "అది నిచ్చెన గాదురా," అన్నాడు మా పెద్దనాన్న, నా భుజం మీద చేయి వేసి. "తెలుసు పెద్దబాపూ. ఆయనకు గట్లనే అలవాటు," అన్నాను. నలుగురూ ఎత్తుకున్నారు. గోదారి దారి గతుకుల్లో ఆ కొస మెల్లగా ఊగుతూ పోయింది. ఇన్నేళ్లలో నేను గట్టిగా బిగించుకున్నవన్నీ ఒక్కొక్కటే తెగిపోయాయి, ఆ బెత్తెడు జాగాలో మాత్రం మా బాపు ఇంకా ఊగుతూనే ఉన్నాడు.