రిమార్కుల గడిలో పాప

మా వీధిలో స్కూలు యూనిఫారాలు కుట్టే ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. ఆవిడ భర్త కరెంటాఫీసులో మీటరు రీడరు. పదహారేళ్ళుగా ఇంటింటికీ తిరిగి అంకెలు రాసుకుంటున్నాడు. ఏ ఇంట్లో మీటరు ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఆ ఇంట్లో ఉండే మనుషులెవరో మాత్రం కళ్ళు తెరిచినా చెప్పలేడు. ఆయన శాఖలో ఇది లోపం కాదు, అర్హత.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, కాన్పుకి చెప్పిన తేదీకి అయిదు వారాల ముందే, ఒక చిన్న నర్సింగ్ హోములో ఆపరేషన్ చేసి వీళ్ళ ఆడపిల్లని బయటికి తీశారు. ఊపిరి సరిగా అందడం లేదంటూ గంటలోపే ఊరికి అవతల ఉన్న పెద్దాసుపత్రికి పంపేశారు. తల్లికి కనపడిందల్లా తువ్వాలు అంచులోంచి బయటికొచ్చిన ఒక పాదం. ఆ పాదం ఆధారంగానే ఆవిడ తర్వాతి పదిరోజులూ తల్లి పదవిలో కొనసాగింది.

నాలుగోరోజున ఆవిడని ఇంటికి పంపేశారు. కట్టు మార్చేటప్పుడు తన పొట్టమీది కుట్లని అద్దంలో చూసుకుని, "పనితనం ఉంది, కానీ చివర్లో తొందరపడ్డారు" అని వృత్తిపరమైన అభిప్రాయం చెప్పింది.

పిల్లని చూడ్డానికి చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. పిల్ల లేదు. ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని ఖాళీ ఉయ్యాలని చూసి, చెక్క మంచిదని మెచ్చుకుని, కాఫీ తాగి వెళ్ళారు.

మూడేసి గంటలకోసారి టైలరమ్మ పాలు తీసి చిన్న సీసాల్లో నింపేది. భర్త వాటిని ఐసు పెట్టెలో పెట్టుకుని పొద్దున, సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళి కౌంటర్లో ఇచ్చేవాడు. తర్వాత అద్దం అవతల నుంచి పది నిమిషాలు పిల్లని చూడనిచ్చేవారు. ఇంటికొచ్చాక ఆయన నోటుబుక్కు తెరిచేవాడు.

"ఎలా ఉందండీ?"

"తొంభై ఒకటి."

"నేనడిగింది పిల్ల ఎలా ఉందని."

"అదే చెబుతున్నా. ఆక్సిజన్ తొంభై ఒకటి. గుండె నూట యాభై రెండు."

"మొహం ఎలా ఉంది?"

ఆయన పేజీ తిరగేశాడు. మొహానికి గడి లేదు.

"పోనీ, జుట్టుందా?"

"టోపీ పెట్టారు."

"టోపీ ఏం రంగు?"

"అద్దంలోంచి సరిగా ఆనదే."

"మరి నంబర్లు ఆనుతున్నాయిగా?"

"అవి వెలుగుతాయి కదా" అన్నాడాయన, తప్పు వెలుగుదే అన్నట్టు.

నేనూ వస్తానని టైలరమ్మ రోజూ అడిగేది. అత్తగారు మాత్రం తీర్పు చెప్పేసింది. "తొంభై అయిదు దాటనీ, అప్పుడు వెళ్దువుగాని. ఇప్పుడెళ్ళి ఆ గొట్టాలన్నీ చూశావంటే నీకున్న కాసిని పాలూ ఇంకిపోతాయి." తొంభై అయిదే ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. చూడ్డానికి పెద్దమనిషిలా ఉన్న అంకె, అంతే చాలింది. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ ఆ అంకె కోసం ఎదురుచూశారు. అదేమో తొంభై, తొంభై రెండు మధ్యే మసలుతోంది.

టైలరమ్మకి లోలోపల ఒక అనుమానం పుట్టి పెరిగింది. పిల్ల పరిస్థితి బాగాలేదు, తన దగ్గర దాస్తున్నారు. అసలు పిల్ల ఉందా అనే దాకా వెళ్ళింది ఆ అనుమానం. ఆవిడ ఎవరితోనూ అనలేదు. సీసాలు మాత్రం నింపుతూనే ఉంది.

పదోరోజు పొద్దున ఆయన స్నానానికి వెళ్తూ నోటుబుక్కుని కుట్టుమిషను మీద పెట్టాడు. ఆవిడ తీసి చూసింది. తేదీ, సమయం, రీడింగు, రిమార్కులు అని నాలుగు గడులు గీసి ఉన్నాయి. రిమార్కుల గడిలో చిన్న అక్షరాలతో, నాలుగు రోజుల కిందటి వరసలో, "తల్లిని రమ్మన్నారు" అని ఉంది. దాని కింద "తల్లి రాలేదేమని అడిగారు." దాని కింద "మళ్ళీ అడిగారు." నిన్నటి వరసలో "పై విధముగనే."

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

ఆయన వంగి చూశాడు. "అది రిమార్కు."

"అయితే?"

"రిమార్కులు ఎవరూ చదవరు కదా."

ఆయన అబద్ధమాడలేదు. పదహారేళ్ళలో గేటుకి తాళమనీ, మీటరు కాలిందనీ రాశాడు, ఒకసారి కుక్క కరిచిందని కూడా రాశాడు. పై నుంచి ఒక్క మాట రాలేదు. చెప్పవలసింది రీడింగులో చెప్పాలి, రిమార్కులు ఆత్మతృప్తి కోసం రాసుకోవాలి అని ఆయనకి స్థిరపడిపోయింది.

టైలరమ్మ చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"పిల్ల దగ్గరికి."

"తొంభై అయిదు కాలేదుగా?"

"అయ్యేదాకా మీరు చూస్తూ ఉండండి అత్తయ్యా."

"కుట్లు విడిపోతాయే తల్లీ."

"విడిపోతే నేనే వేసుకుంటాను."

ఆటో గతుకు గతుకుకీ ఆవిడ పొట్ట పట్టుకుంది. మొగుడు పక్కనే కూర్చుని గతుకులు మనసులోనే లెక్కపెట్టాడు, పైకి చెప్పే ధైర్యం లేక.

ఆసుపత్రిలో మోచేతుల దాకా చేతులు కడిగించి, వెనక నాడా ఊడిన గౌను ఒకటి ఇచ్చారు. నర్సు కాగితం చూసి, పిల్ల కాలికి కట్టిన పేరు పట్టీ చూసి, తలెత్తింది.

"వచ్చారా అమ్మా? నాలుగురోజుల్నుంచి ఆయనకి చెబుతున్నాం. పాపని ఒళ్ళోకి తీసుకుని మీరే పాలు పట్టచ్చు."

"మరి నంబరు తక్కువుందటగా?"

"ఏ నంబరు?"

టైలరమ్మ వెనక్కి చూసింది. అద్దం అవతల నుంచి ఆయన రెండు తొట్ల మధ్యనున్న మానిటరుని వేలితో చూపించాడు.

"అదా? అది పక్క తొట్టిలో బాబుది. మీ పాపకి ఎప్పుడో తీసేశాం. తనే గాలి పీలుస్తోంది."

"పక్క బాబుకి తక్కువేగా పాపం?"

"అంత చిన్నవాడికి తొంభై ఒకటంటే మాకు పండగే."

తమ మీటరు ఆపేశాక, వెలుగుతున్నది ఏదైతే అదే చదవడం ఆయన వృత్తిధర్మం. పదహారేళ్ళ సర్వీసులో మొదటిసారి పక్కింటి రీడింగు రాశాడు. రీడింగులో మాత్రం ఒక్క తప్పూ లేదు.

అదంతా టైలరమ్మకి పట్టలేదు. నర్సు పాపని ఎత్తి ఆవిడ గుండెల మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డ కప్పింది. పాప కాసేపు ముక్కు రుద్దుకుని, వెతుక్కుని, చివరికి దారి కనుక్కుంది. అద్దం అవతల ఆయన జేబులోంచి నోటుబుక్కు తీశాడు, ఏ గడిలో రాయాలో తేలక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇరవై నిమిషాలైందమ్మా, ఇవాళ్టికి చాలు" అంది నర్సు.

"ఒకవైపు చెంపే చూశానండీ" అంది టైలరమ్మ. "రెండోవైపు ఇంకా చూడలేదు."

నర్సు గడియారం చూసింది. తర్వాత టైలరమ్మ కాళ్ళ కిందికి ఒక చిన్న స్టూలు జరిపింది.