పడవను ఆపిన పాట

కొన్నేళ్ళుగా ఒక పాట నా మెడ మీద ఎక్కి కూర్చుంది. దిగదు. డిసెంబరు వచ్చిందంటే ఇంకాస్త బరువెక్కుతుంది. దొంగతనమైతే సొత్తు తిరిగి ఇచ్చేయవచ్చు. నేను చేసింది అదీ కాదు. ఒకరి సొత్తును ఎవరిదీ కాకుండా చేశాను.

నేను కథలు అల్లుతాను. ఇక్కడ కెనడాలో మా వాళ్ళందరికీ తెలుసు. మిల్టన్‌లో బయల్దేరేటప్పుడు రోడ్డు పక్కన నక్క కనబడితే, బ్రాంప్టన్ చేరేసరికి అది తోడేలవుతుంది. టీ తాగేసరికి నా వెంట పడుతుంది. అందరూ నవ్వుతారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకునేదాన్ని.

మా తెలుగు ఫెలోషిప్ బ్రాంప్టన్‌లో ఒక చర్చిని అద్దెకు తీసుకుని, ఇంగ్లీషు వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం కూడుతుంది. విక్టోరియా రాణి కాలం నాటి ఒక కవయిత్రి రాసిన ఒక క్రిస్మస్ పద్యాన్ని తెలుగులో పాడించాలని మా క్వయర్ పెద్ద జయరావు గారు పట్టుబట్టారు. అనువాదం నాకు అప్పగించారు. చేశాను. గొడవంతా బాణీ దగ్గర మొదలైంది. ఆ పద్యానికి ఇంగ్లీషులో పేరున్న బాణీలు రెండున్నాయి. రెండూ మంచివే, ఇంగ్లీషుకు. తెలుగు మాటల్ని వాటిలో కూరేసరికి ‘పశువుల పాక’ కాస్తా ‘పశూవులా పాకా’ అయి కూర్చుంది. ‘మంచు’ అన్న చిన్న మాటను ఊపిరి అయిపోయేదాకా లాగాలి. క్వయర్‌లో సగం మందికి ఒక బాణీ కావాలి, మిగతా సగానికి రెండోది. వారం వారం అదే పోట్లాట. ఎందులోనూ ఆ పశువులకు సుఖం లేదు.

సులోచన ఆంటీ రిటైరైన నర్సు. మిల్టన్‌లో కూతురి దగ్గర ఉంటారు. ప్రాక్టీసుకు నా కారులోనే వస్తారు. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవారు. ఒకరోజు మంచు కురిసి ట్రాఫిక్ నిలిచిపోయింది. ఆవిడ నా మాటల్ని పట్టుకుని వైపర్ల లయకు మెల్లగా పాడడం మొదలుపెట్టారు. ఆగారు. ఒక మలుపు మార్చారు. మళ్ళీ పాడారు. పాక పాకలాగే వినిపించింది. మంచు మంచులాగే కురిసింది. ఆ బాణీ నా పక్క సీట్లో పుట్టింది. నేను చూశాను.

కానీ జయరావు గారు సొంత బాణీలను రానివ్వరు. ఒకరిది తీసుకుంటే రేపు అందరూ పట్టుకొస్తారని ఆయన భయం. మిషనరీల నాటి పాత బాణీ అంటే మాత్రం చేతులు కట్టుకుని వింటారు. అందుకని ఆయనకు ఒక కథ చెప్పాను. ఇది కృష్ణా నది లంకల్లో ఊరూరా వాక్యం చెప్పుకుంటూ తిరిగిన, కళ్ళు లేని ఒక ఉపదేశి తంబుర మీద పాడుకున్నది అన్నాను. వరదలో కొట్టుకుపోతున్న పడవ ఆయన ఈ పాట ఎత్తుకోగానే నది మధ్యలో ఆగిపోయింది అన్నాను. ఆ పడవ ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. బాణీ ఖాయమైంది. ఆంటీకి తర్వాత చెప్పి ఇద్దరం నవ్వుకుందామనుకున్నాను.

చెప్పలేదు. క్రిస్మస్ రోజు పాటకు ముందు జయరావు గారు మైకు తీసుకుని పడవ కథంతా చెప్పేశారు. హాలు చప్పట్లతో మోగింది. అయ్యాక కోట్లు తగిలించిన చోట ఆంటీ నా మోచెయ్యి పట్టుకున్నారు.

“అమ్మాయ్, ఆయన చెప్పింది నిజమేనా? అది పాతదా?”

జయరావు గారు పక్కనే వంగి బూట్లు వేసుకుంటున్నారు.

“అవునాంటీ.”

“నేనే కట్టాననుకున్నానే, పిచ్చిదాన్ని.”

“చిన్నప్పుడెక్కడో విని ఉంటారు. లోపల ఉండిపోయి ఉంటుంది.”

“అంతేలే. నాకంత ఎక్కడొస్తుంది?” అని నవ్వి కోటు జిప్పు పైకి లాక్కున్నారు.

జయరావు గారు కాస్త ముందు వెళ్ళిపోయి ఉంటే? లేదు, ఆయన మీదకు నెట్టను. తర్వాత కారులో ఇల్లు చేరేదాకా ఇద్దరమే ఉన్నాం కదా? అప్పుడేం చేశాను? రేపు ఎంత చలి ఉంటుందో మాట్లాడాను. ఎందుకని? ఆ చప్పట్లలో కొన్ని నా పడవకు కూడా పడ్డాయి కాబట్టి. అవి వదులుకోబుద్ధి కాలేదు. అంతకన్నా గొప్ప కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ అబద్ధం ఇప్పుడు నా మాట వినడం లేదు. గ్వెల్ఫ్‌లో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు తమ నాయనమ్మ ఆ పాట పాడేవారని చెబుతున్నారు. నేను పుట్టించిన ఉపదేశికి ఆయన ఊరూ ఇంటిపేరూ కూడా సంపాదించారు. అది పడవ కాదు, బల్లకట్టు అని నాతోనే వాదిస్తారు! ఏం చెప్పను? తల బాదుకోవాలనిపిస్తుంది.

ఆంటీ కూనిరాగాలు మానేశారు. అదే కవయిత్రి మరో పద్యానికి బాణీ కట్టమని క్వయర్‌లో ఒకమ్మాయి అడిగితే, తన నోట వచ్చేవన్నీ ఎక్కడో విన్నవేనని వద్దన్నారు. కారులో ఇప్పుడు రేడియో పెట్టుకుంటున్నాం.

పోయిన ఆదివారం ఆవిడ ఇంటి ముందు కారాపి అంతా చెప్పేశాను. ఉపదేశి లేడు, పడవ లేదు, బాణీ మీదే అన్నాను. శ్రద్ధగా విన్నారు. తర్వాత నా చెయ్యి తట్టి, తనను సంతోషపెట్టడానికి ఎంత చక్కటి కథ అల్లానో అని మెచ్చుకున్నారు. ఒట్టు పెట్టాను. ఇంకా నవ్వారు. జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టాలంటే ముందు నమ్మాలి. నేను ఉప్పూకారం కలపకుండా చెప్పిన ఒక్క మాటనూ ఆవిడ నా కథల్లోకే తోసేశారు. తప్పు జరిగిందనే అనుకోని మనిషిని క్షమించమని ఎలా అడగను?

అందుకే పేరు పెట్టకుండా మీకు రాస్తున్నాను. ఇక్కడ ఎవరూ నవ్వి నా చెయ్యి తట్టరు. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. ఆ బాణీ పాతది కాదు. దాన్ని కట్టింది సులోచన ఆంటీ. ఆ సంగతి ఆవిడకు ఇంకా తెలియదు.