జాడీ మీద చీటీ

గుణదలలో మా పక్కింటి లాజరు, కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరు. చచ్చిన జీవులను ఫార్మలిన్ జాడీల్లో పెట్టి చీటీలు అంటించడం ఆయన పని. ఆ ఉద్యోగంలో ప్రాణంతో ఆయన చేతికొచ్చింది ఒక్కటే. డెబ్బై నాలుగులో విద్యార్థుల వెంట రామేశ్వరం దగ్గర మండపం ఊరి సముద్రానికి వెళ్లినప్పుడు వలలో పడిన మెత్తని పగడం. లెక్చరర్లు పారేయమన్నారు. ఆయన దాన్ని పాలక్యానులో వేసుకుని, రైల్లో ఒళ్లోంచి దించకుండా తెచ్చుకున్నాడు.

ఇంట్లో కిటికీ పక్కన గాజుతొట్టెలో పెట్టిన మూడో వారానికి అది ఒళ్లంతా చిన్న చిన్న వేళ్లు విప్పింది. నెలకోసారి బందరు నుంచి బస్సులో సముద్రపు నీళ్లు తెచ్చి, తేర్చి, వడగట్టి మార్చేవాడు. కరెంటు పోతే సైకిలు పంపుతో గాలి కొట్టేవాడు.

"మా అమ్మొస్తే బిందెడు నీళ్లు పట్టవు గానీ దీనికి బందరు నుంచి మోస్తావు" అనేది భార్య తెరేసమ్మ.

ఒకసారి పగడం ముడుచుకుపోయింది. నీళ్లు ఆవిరైనా ఉప్పు తొట్టెలోనే మిగులుతుందనీ, తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలనీ అప్పుడు తెలుసుకున్నాడు.

రెండేళ్లకు లెక్చరర్ సంజీవరావు ఎగ్జిబిషన్ కోసమని తొట్టెతో సహా పట్టుకెళ్లాడు. ప్రిన్సిపాలు మెచ్చుకుంటే అందరి ముందూ "నేనే పెంచానండి" అన్నాడు. లాజరు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆ బల్ల తుడువు, లాజరూ" అన్నాడు సంజీవరావు.

తర్వాత పగడాన్ని తిరిగి ఇవ్వలేదు. కాలేజీ యాత్రలో దొరికింది కనుక కాలేజీదేనన్నాడు. నీళ్లు తగ్గితే సముద్రపు నీళ్లే పోస్తుంటే చాలు కదా అని మాత్రం అడిగాడు.

లాజరు తడిగుడ్డ పిండుతూ, "చాలండి" అన్నాడు.

నడివేసవి. సంజీవరావు రోజూ చెంబుడు ఉప్పునీళ్లు పోశాడు. పగడం రోజురోజుకూ కుంచించుకుపోవడం లాజరు చూస్తూనే ఉన్నాడు. ఇంట్లో అన్నం సహించేది కాదు.

"చెప్పెయ్యవయ్యా, బిడ్డలా సాకావు కదా" అంది తెరేసమ్మ.

"నా బిడ్డయితే నా పేరుండాలిగా."

పదహారో రోజున అది చచ్చిపోయింది. పారేయమన్నాడు సంజీవరావు. లాజరు జాడీలో పెట్టి, తలుపు తీయగానే కనిపించే అల్మరాలో ఉంచాడు. చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: మెత్తని పగడం. పెంచినవారు సంజీవరావుగారు. కింద చచ్చిన తేదీ.

ఎవరు రాయమన్నారని సంజీవరావు పళ్లు కొరికాడు.

"ప్రిన్సిపాలుగారి ముందు మీరు చెప్పిందేనండి" అన్నాడు లాజరు.

చీటీ చింపితే, మరి ఎవరు పెంచారన్న ప్రశ్న వస్తుంది. చింపలేదు. ల్యాబులో మిగతా జాడీలకు వారానికోసారి దుమ్ము దులిపే లాజరు, ఆ ఒక్కదాన్నీ రోజూ తుడుస్తాడు.