లోకం అంతమయ్యాక కుంగ్‌ఫూ

ఖతర్‌లో నజ్మా అనే పేటలో మా ఫ్లాట్ హాలుకి ఒక కిటికీ ఉంది. తెరిస్తే పక్క భవనం ఏసీల వేడి ముఖాన కొడుతుంది కాబట్టి దాన్ని మూసేసి ముందు టీవీ పెట్టుకున్నాం. డ్యూటీ నుంచి వచ్చి, వంట చేసుకుని, ఆ టీవీలో మేం ముగ్గురం చూసేది ఒకటే రకం సినిమా. లోకం అంతమైపోయి ఉంటుంది. ఎలా అంతమైందో చూపించరు, చూపిస్తే ఖర్చు. ఏదో పాడుబడ్డ క్వారీలో కొందరు మిగులుతారు. తుపాకుల్లో గుళ్లు అయిపోయాయి కాబట్టి అందరూ కుంగ్‌ఫూలోకి దిగుతారు. తాగడానికి చుక్క నీళ్లు లేని ఆ లోకంలో హీరో తలకి నూనె ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెలుగు డబ్బింగ్‌లో హీరోకీ విలన్‌కీ ఒకటే గొంతు. నిన్ను చంపుతానని తనని తనే బెదిరించుకుంటాడు పాపం. ఎవరి పిచ్చి వాళ్లకానందం, మాకది అలవాటైపోయింది.

నాది భీమవరం దగ్గర పల్లె. వెస్ట్ బేలో ఒక ఆఫీసులో డ్రాయింగులు చూసుకునే ఉద్యోగం. రెండో ఆయన బందరు వాడు, అకౌంట్స్ చేస్తాడు, శుక్రవారం చర్చి ఆరాధనలో పాటలు పాడతాడు. అందుకే ఆయన్ని బ్రదర్ అంటాం. మూడోవాడు మెట్‌పల్లి తమ్ముడు. ఏసీ డక్టులు బిగించే పని. విలన్ ఇనుప కవచం తొడుక్కుని వస్తే చాలు, పడీపడీ నవ్వేవాడు.

"గది మా డక్టు రేకే అన్నా! గింత ఒంగితే పొట్టల గుచ్చుకుంటది!"

మాకో పందెం ఉండేది. ముందు ఎవడు చస్తాడో చెప్పలేనివాడు ఆ పూట గిన్నెలు తోమాలి. తమ్ముడు ఎప్పుడూ తోమలేదు. జేబులోంచి పెళ్లాం ఫొటో తీసినవాడే ముందు పోతాడని వాడికి తెలుసు. ఒకసారి అడిగాను, ఈ దిక్కుమాలిన సినిమాలంటే నీకెందుకురా అంత ఇష్టమని. వాడు ప్లేటులోంచి తల ఎత్తలేదు.

"ఈ సిన్మలల్ల ఎవ్వనికి ఇంటికాడ ఎవ్వరుండరే అన్నా. ఫోన్ చేసేది లేదు, చెయ్యకపోతే తిట్లు లేవు. నిమ్మళం."

ఆ మాట నాకు నచ్చలేదు. వాడు నవ్వుతూ అన్నా, నవ్వినట్టు లేదు.

ఆ వేసవి మొదట్నుంచే గాలి తేడాగా ఉంది. పక్క దేశాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని వార్తలు. ఆఫీసులో ఎవరూ ఆ సంగతి ఎత్తరు, కాఫీ కలుపుకుంటూ ఫోన్లు మాత్రం చూసుకుంటారు. సూపర్ మార్కెట్లో జనం ట్రాలీల్లోకి నీళ్ల కేసులు ఒకటి ఎక్కువ వేసుకుంటున్నారు, ఒకరినొకరు చూడనట్టు. నేనూ వేసుకున్నాను. బ్రదర్ మాత్రం పైకే అనేవాడు.

"ఇవి అంత్యదినాలండీ. ప్రభువు రాకడ దగ్గరపడింది."

"రాకడ సంగతి తర్వాత, ముందు సినిమా పెట్టండి," అనేవాణ్ణి. భయమేస్తే నాకు వెటకారం వస్తుంది, అది నా గుణం.

ఆ సాయంత్రం సినిమా సగంలో ఉంది. ఏదో పేలినట్టు దబ్బుమంది. తమ్ముడు సౌండ్ తగ్గించమన్నాడు. తగ్గించాను. మళ్లీ దబ్బుమంది, ఈసారి మూసిన కిటికీ అద్దం గడగడలాడింది. టీవీలో అప్పుడు ఎవడూ ఎవణ్ణీ కొట్టడం లేదు.

టెర్రస్ మీదికి పరుగెత్తాం. నేల మీంచి ఎర్రటి చుక్కలు లేచి, వచ్చే క్షిపణులకి ఎదురెళ్లి, పైన ఎక్కడో పగిలి, నిదానంగా ఆరిపోతున్నాయి. కింద వీధి నిండా జనం, అందరి ఫోన్లూ ఆకాశం వైపు. ఒక్కడూ పరుగెత్తడు, ఒక్కడూ లోపలికి పోడు. ఇన్నాళ్లూ రోజూ లోకం అంతమవడం చూసినవాళ్లం, నిజంగా వచ్చేసరికి నోరు తెరుచుకుని చోద్యం చూస్తున్నాం. నా మీద నాకే ఒళ్లు మండింది. అయినా లోపలికి పోలేదు. బ్రదర్ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు.

తర్వాత మోతలు ఆగాయి, ఫోన్లు మొదలయ్యాయి. మా ఆవిడ ఏడుస్తోంది, ఊరుకోబెట్టడానికి చాలాసేపు పట్టింది. బ్రదర్ ఇంట్లో అందరూ వరసగా మాట్లాడారు. తమ్ముడు మాత్రం హాల్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఫోన్ ఎదురుగా నేల మీద పెట్టుకున్నాడు, తెర పైకి ఉండేట్టు.

"ఇంటికి చెయ్యవేంరా?" అన్నాను.

"ఎప్పటికి నేనే చేస్త అన్నా. ఆళ్లకు పని వడితే మిస్డ్ కాల్ ఇస్తరు, మళ్ల నేనే చేస్త. ఇయ్యాల ఆళ్లే చెయ్యని. నేను సచ్చిన్నో బతికిన్నో మా ఆమెకు కావాల్నా వద్దా, ఇయ్యాలనే తెలుస్తది."

ఇదేం పరీక్షరా అని తిట్టాను. వాడు వినలేదు. చెప్పొద్దూ, నాకు ఆకాశం కంటే ఆ ఫోన్ ఎక్కువ భయపెట్టింది. మోగకపోతే వీడు ఏమైపోతాడు? ఇంటికాడ ఎవరూ లేకపోవడమే నిమ్మళం అన్నవాడు వీడు. మేం పడుకోబోయే దాకా అది మోగలేదు. మేం పెట్టిన అన్నం వాడు ముట్టుకోలేదు.

పొద్దున్నే, కంపెనీ బస్సు కోసం వాడు బూట్లు తొడుక్కుంటుంటే మోగింది. మిస్డ్ కాల్ కాదు, ఆగకుండా మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టాడు.

"ఏమయ్యా, లేచినవా? బోరు మోటర్ కాలింది, మెకానిక్ ఎల్లుండి గాని రాడట," అంది వాళ్లావిడ. తర్వాత పిల్లాడి బడి సంగతి. వాడు ఊఁ కొడుతున్నాడు, ముఖం కిందికే ఉంది.

"రాత్రి టీవీల జూసిన, ఖతర్ల బాంబులు వడ్డయట. ఆడ మనోళ్లు గూడ మస్తుమంది ఉన్నరట, పాపం. నాకు పాణం దడదడ కొట్టుకున్నది. నువ్వు దుబాయ్‌ల ఉన్నవు, నయమైంది. తెల్లారంగనే గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చిన."

దుబాయ్ నుంచి వాడు వచ్చేసి ఏళ్లు గడిచాయి. మొదటిసారి అక్కడికి వెళ్లాడు, ఇంటికి తిరిగొచ్చి రెండోసారి ఖతర్ వచ్చాడు. వాళ్ల ఊరివాళ్ల లెక్కలో సముద్రం దాటిన ప్రతి మగవాడూ దుబాయ్‌లోనే ఉంటాడు. ఎవరూ అడగలేదు, వాడూ విడమర్చి చెప్పలేదు.

చెప్పు, అని సైగ చేశాను. వాడు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"అవునే. దుబాయ్‌లనే ఉన్న. మంచిగున్న," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక వాడు ఏడ్చాడు. సంతోషానికో, మరి దేనికో, నేను అడగలేదు. ఆమెకి వాడు కావాలి, అది తేలిపోయింది. తేలిన ఆ క్షణంలోనే, వాడు ఏ దేశంలో ఉన్నాడో ఆమెకి తెలియదనీ తేలింది.

"నిజం చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"చెప్తే ఇగ రోజు టీవీ ముంగటనే కూసుంటదన్నా. అన్నం తినది. ఉండనీ."

"రేపు ఏమన్నా అయితే? నీ కోసం వేరే దేశంలో వెతుక్కుంటారు కదరా వాళ్లు!"

వాడు రెండో బూటు తొడుక్కుని లేచాడు. కింద బస్సు హారన్ కొడుతోంది.

"గట్లయితే నువ్వు చెప్పు అన్నా," అని, నా ఫోన్ తీసుకుని ఆమె నంబరు అందులో ఎక్కించి ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆకాశం మామూలుగానే ఉంది. విమానాలు తిరుగుతున్నాయి, ఆఫీసులో కాఫీ కలుపుకుంటున్నాం. మాకేం కాలేదని అందరం అందరికీ చెప్పాం. నాకు మాత్రం ఎక్కడ క్రేన్ చప్పుడైనా మొదట గుర్తొచ్చేది ఆ నంబరే. దాన్ని నొక్కాల్సి వస్తే ఏమనాలో అనుకున్నాను, అనుకుని అనుకుని మొదటి మాట నోటికి వచ్చేసింది: అమ్మా, మీ ఆయన దుబాయ్‌లో లేడు. రెండో మాట ఎంత వెతికినా దొరకడం లేదు.