ఎడమ పక్క బంతి

రాజరత్నానికి మొదటి అనుమానం గంగరాజు మీద కలిగింది.

ఏలూరు మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరిన ఏడాది నుంచే రాజరత్నం ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. తోటివాళ్లు కొందరు బదిలీలై వెళ్లిపోయారు, కొందరు బొజ్జలు పెంచి గట్టున కూర్చున్నారు. అతను మాత్రం గోలు కొయ్యల మధ్యనే నలభై దాటాడు. వానాకాలం తోలుబంతి నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కేది. దాన్ని పొట్టకు అదుముకుని బురదలో బోర్లా పడ్డాడంటే ఇక ఎవరూ లాక్కోలేరని పేరు.

అలాంటిది, వెనక వరసలో బ్యాకు ఆడే గంగరాజు ఆ ఏడు వచ్చి అతని ఎడమ పక్కనే నిలబడటం మొదలుపెట్టాడు. గంగరాజుది కొల్లేటి లంక ఊరు, పని జనపనార మిల్లులో. బంతి ఎడమకు వస్తే చాలు, రాజరత్నం చెయ్యి చాపేలోగా తన్నేసేవాడు. మాస్టారి పని అయిపోయిందని నలుగురికీ చూపించడానికే ఇదంతా అనుకున్నాడు రాజరత్నం. గంగరాజు తమ్ముడు వరదరాజు గోల్‌కీపింగు నేర్చుకుంటున్నాడని విన్నాక ఆ అనుమానం గట్టిపడింది.

అతను దాస్తున్న సంగతి కూడా ఒకటుంది. ఎడమ కంటికి పొర కమ్ముతోంది. బైబిలు చదివేటప్పుడు తల పక్కకు తిప్పుతున్నారేమని భార్య హన్నమ్మ అడిగితే మెడ నొప్పన్నాడు.

కప్పు కోసం తాడేపల్లిగూడెంతో ఆట పడింది. ఆ జట్టు ముందు వరసలో ఆడే ఏసుబాబు హన్నమ్మ తమ్ముడు, పెంటపాడు వాడు. ఆటకు ముందు రాజరత్నం గంగరాజును పక్కకు పిలిచాడు.

"ఇవాళ నా దగ్గరికి రావద్దు. నీ చోట నువ్వు ఆడు."

గంగరాజు ఏదో చెప్పబోయి మానేశాడు. "అలాగేనండి మాస్టారూ" అన్నాడు.

ఆట ముగియబోతుండగా ఏసుబాబు బంతిని ఎడమ మూలకు నెట్టాడు. అదేమంత జోరైన దెబ్బ కాదు. రాజరత్నం కదల్లేదు. జనం కేక విని అటు తిరిగేసరికి బంతి గీత దాటిపోయింది.

బావమరిది కోసం కావాలనే వదిలేశాడని మర్నాటికల్లా బజారంతా చెప్పుకుంది. కెప్టెను చలపతిరావు ప్లీడరు గుమాస్తా. ఎదురుపడితే పలకరించడం మానేశాడు. ఈ మాట పుట్టించింది గంగరాజే అయ్యుంటాడని రాజరత్నం రగిలిపోయాడు. ఆ తరవాత ఇంకో అనుమానం పుట్టింది. బంతి సరిగ్గా ఎడమకే ఎందుకొచ్చింది? కంటి సంగతి హన్నమ్మ కనిపెట్టి తమ్ముడికి చెప్పలేదు కదా? రెండు రోజుల తరవాత ఆమెనే అడిగేశాడు.

హన్నమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టింది. "మా తమ్ముడికి చెప్పలేదండి. ఈ ఏడు మొదట్లో గంగరాజు గారు వాళ్ల ఊరి చేపలిచ్చి వెళుతుంటే ఆయనతో అన్నాను, మాస్టారికి ఎడమ పక్క చూపు ఆనడం లేదు, కాస్త కనిపెట్టుకుని ఉండండి అని."

రాజరత్నం తిన్నగా మిల్లు గేటు దగ్గరికి వెళ్లాడు. ఊరంతా అన్ని మాటలంటుంటే నువ్వెందుకు నోరు విప్పలేదని అడిగాడు.

"చెబితే ఇక మిమ్మల్ని ఆడనివ్వరు కదండీ" అన్నాడు గంగరాజు.

ఆ సాయంత్రమే రాజరత్నం మైదానానికి వెళ్లి, జట్టంతా వింటుండగా కంటి సంగతి చెప్పేశాడు. చలపతిరావు మాత్రం, ఇప్పుడు కనబడలేదని ఎవరైనా అనొచ్చు కదండీ అన్నాడు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. రాజరత్నం వాదించలేదు. తన చోటు వరదరాజుకు ఇమ్మని చెప్పి, మర్నాటి నుంచి అతనికి తనే ఆట నేర్పాడు.

కొన్నాళ్లకు ఏసుబాబు భోజనానికి వచ్చాడు. తింటూ తింటూ, తలెత్తకుండా అడిగాడు.

"ఆవేళ నా కోసం వదిలేశారా బావగారూ?"

"లేదురా. బంతి నాకు కనబడలేదు."

ఏసుబాబు కలిపిన ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. అన్నాళ్లూ వాడు ఆ గోలు తన కాలి సత్తువేనని నమ్మాలని చూస్తున్నాడని, లేదన్న ఒక్క మాటతో తను ఊరుకోవలసిందని రాజరత్నానికి అప్పుడు తెలిసింది. హన్నమ్మ మారు వడ్డించబోతే వాడు చాలన్నాడు.